సమన్లు అందినట్టే లెక్క

అనువాదం పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి మూకండపల్లికి వస్తుంటారు. ఏ భాషలో కాగితమైనా ఫోనుకు చూపిస్తే చాలు, రెప్పపాటులో మనకు కావలసిన భాషలోకి వచ్చేస్తుందని చెబుతారు. వస్తుంది, నేనూ చూశాను. నాకేం కుళ్లు లేదు. సరే, కొంచెం ఉంది. ఒక్క మాట కోసం వారాల తరబడి తిరిగినవాడికి ఆమాత్రం ఉండదా?

వాళ్లకు నేను ఒక కాగితం సంగతి చెబుతుంటాను. ఆ కాగితాన్ని ఇవాళ్టి ఫోను కూడా చక్కగానే తర్జుమా చేసి ఉండేది. నేనూ సరిగ్గానే చేశాను. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. అయినా అది అబద్ధం. ఈ సంగతి మీకూ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

హోసూరులో నేను చేరిన ఫ్యాక్టరీకి గేర్లు కోసే పెద్ద యంత్రాలు రొమేనియా దేశం నుంచి వచ్చేవి. తొంభైల మొదట్లో ఆ యంత్రాలను విప్పడం, బిగించడం నేర్చుకు రమ్మని మాలో నలుగురిని అక్కడికి పంపారు. అప్పటిదాకా మేం బెంగళూరు దాటి ఎరగం. అక్కడ పాత ప్రభుత్వం కూలిపోయి ఎక్కువ కాలం కాలేదు. ఫ్యాక్టరీ గోడల మీద మాత్రం ఆ కాలపు ఇనుప బోర్డులు తుప్పుపట్టి ఇంకా వేలాడుతుండేవి. అన్నిటి మీదా ఒకటే సంగతి: ఈ నెల ఉత్పత్తి లక్ష్యం పూర్తయినది. నిజంగా పూర్తయిందో లేదో ఎవరూ అడిగినట్టు లేదు. 'ఇండెప్లినిత్' అంటే పూర్తయినది అని నేను ఆ బోర్డు చూసే నేర్చుకున్నాను.

మిగతా భాష మా ఇంటి యజమానురాలు నేర్పింది. ముసలావిడ, ఒంటరి మనిషి. మేం తప్పు మాట్లాడితే గరిటెతో బల్ల మీద కొట్టేది. ఒకరోజు మేడ మెట్లు ఎక్కుతుంటే పక్కింటి తలుపుకు ఒక కాగితం అంటించి కనబడింది. ఏమిటని అడిగాను. కోర్టు పిలుపు అంది. ఆ ఇంటామె మొగుడి నుంచి విడిపోవాలని కేసు వేసిందట, అతను తలుపు తియ్యడం లేదట. "మనిషి తీసుకోకపోతే తలుపు తీసుకుంటుంది. కోర్టుకు రెండూ ఒకటే" అంది. ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

మా నలుగురిలో పనిమంతుడు ఒక ఫిట్టరు. శూలగిరి వైపు మెట్ట పల్లెలో రాగులు, చెనక్కాయలు పండించే సేద్యగాళ్ల ఇంటివాడు. చెవి ఆనించి గేరు చప్పుడు వింటే ఏ పన్ను అరిగిందో చెప్పేవాడు. వచ్చిన మొదటి నెల సంగటి కోసం ఏడ్చినవాడూ అతనే. ముసలావిడ మొక్కజొన్న పిండి ఉడికించి ముద్ద చేసి పెడితే, కళ్లు తుడుచుకుంటూ తిన్నాడు. ఆ పిండిముద్ద అతనికి ఎంతగా నచ్చిందంటే, గడువు తీరి మేం ముగ్గురం తిరుగు ప్రయాణం కట్టినా అతను కట్టలేదు. "ఇంగ ఆర్నెల్లుండి వస్తానని మాయింట్లో చెప్పన్నా" అన్నాడు.

నేను వెళ్లి చెప్పాను. వాళ్లమ్మ గుమ్మంలో కూర్చుని విన్నది. తలుపు వెనక అతని భార్య చంకలో ఆడపిల్లతో నిలబడి ఉంది. ముసలమ్మ లోపలికి తిరిగి, "ఏమే కావేరిపట్నమ్మా, అన్నకు మజ్జిగ తే" అంది. ఆ పల్లెల్లో కోడళ్లను పుట్టింటి ఊరి పేరుతో పిలవడం మామూలే. చిన్నకోడలు ఊత్తంగరమ్మ, పెద్దకోడలు కావేరిపట్నమ్మ. మజ్జిగ తాగి చెంబు కింద పెట్టి వచ్చేశాను. ఆమె అసలు పేరేమిటో తెలుసుకోవాలని నాకు తోచనైనా లేదు.

ఆర్నెల్లు ఏళ్లయ్యాయి. మొదట్లో ఉత్తరాలు, తర్వాత ఎప్పుడో ఒక ఫోను, తర్వాత అదీ లేదు. ఇక్కడ మా ఫ్యాక్టరీలో రొమేనియా యంత్రాలు పాతబడి కొత్త దేశాల యంత్రాలు వచ్చాయి. వాటితో పాటు మేమూ పాతబడ్డాం. ఇచ్చింది తీసుకుని ఇంటికి పొమ్మన్నారు. నేను హోసూరు కోర్టు ఎదుట ఒక టైపింగ్ షాపులో బల్ల వేసుకుని తమిళం, తెలుగు, కన్నడం, ఇంగ్లీషు కాగితాలు తర్జుమా చేయడం మొదలుపెట్టాను. బోర్డు మీద చివర్న రొమేనియన్ అని కూడా రాయించాను. టైపిస్టు ఎన్నాళ్లో నవ్వాడు. "ఆ భాషకు నీకాడికి ఎవురొస్తారప్పా? దాన్ని చెరిపేసి జెరాక్స్ అని రాయి, నాలుగు దుడ్లొస్తాయి" అనేవాడు. నేను చెరపలేదు, రోషం.

రెండువేల సంవత్సరం దాటాక, ఒక వానాకాలం పొద్దున, ఆ భాష కోసం ఒకడు రానే వచ్చాడు. ఫిట్టరు తమ్ముడు. చొక్కా లోపల్నుంచి మడిచిన కవరు తీసి నా బల్ల మీద పెట్టాడు.

"మాయన్న పంపినాడన్నా. ఏమని ఉండాదో సదివి చెప్పు. ఫోన్లో మాత్రం, ఆడ అంతా అయిపోయింది, ఆమెను పుట్టింటికి పంపించేయండి అన్నాడు."

"ఏమి అయిపోయింది?"

"అదే కదన్నా నాకు తెలీనిది."

కవర్లో ఉన్నది కోర్టు తీర్పు నకలు. పైన వాది పేరు, అంటే మా ఫిట్టరు పేరు. కింద ప్రతివాది పేరు, ఒక స్త్రీ పేరు. "ఇదెవరి పేరప్పా?" అని చదివి వినిపించాను.

అతను ఉలిక్కిపడ్డాడు. "అది మాయవ్వ పేరన్నా. మా నాయన తల్లి. ఆమె పోయి శానా కాలమాయె. ఆమె పేరెందుకుండాది దీంట్లో?" అన్నాడు. తర్వాత తల గోక్కుంటూ తనే, "ఓ... వదిన పేరు కూడా అదే కదా. పెండ్లి పత్రికలో ఏసినారు. అయినా మాయింట్లో ఎవురూ అనరన్నా" అన్నాడు.

ఎందుకనరో మీలో కొందరికి తెలియకపోవచ్చు. ఆ ఇళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు, అత్త పేరు, మామ పేరు నోటితో పలకరు. పెద్దకోడలిగా తెచ్చిన పిల్ల పేరు ముసలమ్మకు అత్తగారి పేరైంది. కాబట్టి తాళి కట్టిన రోజునే ఆ పిల్ల పేరు మూలన పడింది. ఆ పేరుతో ఆ ఇంట్లో పిలిపించుకున్నది పెద్దవ్వ ఒక్కతే, ఆవిడా పోయింది.

తీర్పు మొత్తం చదివాను. విడాకులు ఇచ్చేశారు. కారణాల కంటే నన్ను ఆపింది వేరే వాక్యం. పేరు పెట్టి పిలవగా వాది వచ్చెను, ప్రతివాది రాలేదు. సమన్ల ప్రక్రియ చట్టప్రకారం పూర్తయినది. ఆ చివరి మాట నేను తుప్పుపట్టిన బోర్డు మీద నేర్చుకున్న 'ఇండెప్లినిత్'కు అక్కచెల్లెలే. ఎలా పూర్తయిందో దాని పైన ఉంది. ఢిల్లీ మీదుగా కృష్ణగిరి కోర్టుకు సమన్లు పంపించారట. ఆ పేరుగల మనిషి ఆ ఇంట్లో లేదని సమన్లు పట్టుకుపోయిన ఇక్కడి కోర్టు అమీనా రాసి తిప్పి పంపాడట. ప్రతివాది ఎక్కడున్నదీ తెలియనందున, అక్కడి కోర్టు తలుపుకే నోటీసు అంటించి, అందినట్టు లెక్కవేశారు.

"మీ వదిన ఇంట్లో లేదా?" అని అడిగాను.

"యాడికి పోతాదన్నా? పొద్దున్నే ఆవులకు గడ్డేసి, మాయమ్మకు తల దువ్వి, చేనుకు పోతాది. మాయమ్మకు కండ్లు శానా వరకు పోయినాయి కదా, వదినే దిక్కు." కాసేపు గోళ్లు గిల్లుకుని, "నువ్వే వచ్చి చెప్పన్నా. నాకు నోరాడదు" అన్నాడు.

అలా రెండోసారి ఆ గుమ్మం ముందు నిలబడ్డాను. ఆమె అప్పుడు వాకిట్లో రాగులు ఆరబోస్తోంది. కాలితో గీతలు గీస్తూ గింజను తిరగేస్తోంది. నేను చెప్పడం మొదలుపెట్టాక కూడా ఆ కాలు ఆగలేదు. విడాకులు అన్నప్పుడు ఆగలేదు. నువ్వు ఈ ఇంట్లో లేవని కోర్టుకు రాసి పంపారు అన్నప్పుడు ఆగింది.

"లేనని రాసినారా?"

"అవునమ్మా."

"నేనీడ లేకపోతే ఈడుండేది ఎవురన్నా?" అంది. గొంతు పెద్దది చేయలేదు. "ఆయనకు నేనొద్దంటే వద్దు. బలవంతంగా కాపురం చేస్తారా ఎవురన్నా? ఆ మాట నాతో చెప్పల్ల. నీకేమి చెప్పుకోవాల్సింది ఉండాదే అని ఒక్క మాట అడగల్ల. అడగకుండానే, నేను లేనేలేనని రాసుకుంటే, ఇంగ నా బిడ్డ ఎవురి బిడ్డ?"

గుమ్మంలో ముసలమ్మ చేత్తో తడుముకుంటూ లేచింది. "యాడికీ పోవద్దు కావేరిపట్నమ్మా. వాడు పోయినా నువ్వు పోవద్దు" అంది.

నేను నలభై దాటిన మగవాణ్ణి, దేశాలు చూసి వచ్చినవాణ్ణి. రాగుల మధ్య నిలబడి ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది?

కృష్ణగిరిలో నాకు తెలిసిన ఒక వకీలమ్మ దగ్గరికి వాళ్లను తీసుకెళ్లాను. తమిళం ఇంటి భాష, తెలుగు కక్షిదారుల దగ్గర నేర్చింది. కాగితం చూసి ఆవిడ సూటిగా చెప్పింది. నోటీసు నిజంగా అందకపోతే ఆ తీర్పు ఈమెను కట్టదు, ఈ కోర్టులో కేసు వేసి అలా ప్రకటింపజేయవచ్చు. "ఆనా... కానీ ఒక చిక్కు ఉంది సార్. నోటీసు తీసుకోకుండా ఈమె దాక్కునింది అని తేలితే, అందినట్టే లెక్క. అప్పుడు అంతా పోతుంది. అక్కడ వాళ్లు ఏమి చేశారో ఒక్కొక్క మాట నాకు కావాలి."

ఒక్కొక్క మాట! నాకు తెలిసిన రొమేనియన్ మాటలు గేరు, పన్ను, నూనె, బిగుతు, వదులు. పిలుపు, అందజేత, అంటింపు, గైర్హాజరు, ఇవన్నీ ఏ యంత్రంలో ఉంటాయి? నా దగ్గరున్న నిఘంటువు ఫ్యాక్టరీ వాళ్లు పారేస్తుంటే తెచ్చుకున్నది. అందులో ఉక్కుకు ఎన్నో మాటలున్నాయి, పెళ్లానికి ఒక్కటీ లేదు. బెంగళూరు లైబ్రరీల్లో వెతికాను. రొమేనియాలో పరిచయమైన ఒక పాత ఇంజనీరుకు ఉత్తరాలు రాశాను. అక్కడి మా ఇంటి యజమానురాలు బతికుంటే గరిటె పుచ్చుకుని చెప్పేదే. చివరికి ఆవిడ చెప్పిన తలుపు మాటే నాకు దారి చూపింది. మనిషికి ఇవ్వడం వేరు, తలుపుకు ఇవ్వడం వేరు, ఏ ఇంటి తలుపూ దొరకనప్పుడు ఊరందరికీ ప్రకటించినట్టు కోర్టు తలుపుకు ఇవ్వడం వేరు. మూడిటికీ వాళ్లకు మూడు మాటలున్నాయి. ఫలితం మాత్రం ఒకటే.

తమాషా ఏమిటంటే, ఇక్కడ కేసు వేశాక ఫిట్టరుకు కూడా సమన్లు పంపాలి కదా. వాటిని రొమేనియన్‌లోకి తిప్పిందీ నేనే. పక్కపక్కన నిలబడి గేర్లు బిగించినవాణ్ణి నువ్వు ఫలానా రోజు కోర్టుకు రావలెను అని రాయడం నాకు చేదుగా ఉండింది. చాలా నెలలకు జవాబు వచ్చింది. అతను తలుపు తియ్యలేదు, తలుపుకు అంటించాము అని. అతనూ రాలేదు, వకీలునూ పెట్టలేదు.

సాక్ష్యం రోజు బాగా గుర్తుంది. కృష్ణగిరి కొండ మీద మబ్బు పట్టి, కోర్టు వరండా అంతా తడి చెప్పుల వాసన. మొదట నన్ను పిలిచి, తర్జుమా నాదేనని ప్రమాణం చేయించారు. ముసలమ్మకు తమిళం సరిగా రాదు కాబట్టి ఆమె మాటలు తిప్పి చెప్పడానికి నన్నే ఉండమన్నారు. తర్వాత అమీనా వచ్చాడు. అప్పటికే రిటైరైన మనిషి, పాదాలకు వాపు. వరండాలో కనబడిన ప్రతివాడికీ "నేను తప్పు రాయలేదు సార్" అని చెప్పుకుంటూ వచ్చాడు. నిజమే, ఆయన తప్పు రాయలేదు.

మోపెడ్ మీద ఆ పల్లెకు పోయానన్నాడు. పాల కేంద్రం దగ్గర ఆమె పేరు చెబితే ఎవరికీ తెలియలేదు. మొగుడి పేరు చెబితే ఇల్లు చూపించారు. గుమ్మంలో ముసలామె ఉంది, ఆమెను అడిగానన్నాడు. ఆ పేరుగలామె ఇప్పుడీ ఇంట్లో లేదు అంది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పింది. మనిషి ఆ ఇంట్లో ఉంటే తలుపుకు అంటించాలి. లేదంటే అంటించకూడదు, అది నియమం. పాల కేంద్రం వాళ్లతో సంతకాలు పెట్టించుకుని వచ్చేశానన్నాడు.

"ఆ ఇంట్లో ఇంకెవరినీ చూడలేదా?" అని వకీలమ్మ అడిగింది.

"ఎండకు దాహమైంది. నీళ్లడిగితే పెద్దావిడ లోపలికి చెప్పింది. ఒకామె చెంబుతో తెచ్చి ఇచ్చి వెళ్లిపోయింది."

"ఎవరామె?"

అమీనా చుట్టూ చూశాడు. గోడవారగా, కూతురి చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఆమె దగ్గర ఆయన చూపు ఆగింది. తర్వాత, "ఈయమ్మే" అన్నాడు. ఆ సమన్లు అప్పుడు ఆయన చేతిలోనే ఉన్నాయి. ఒక చేత్తో అవి పట్టుకుని, రెండో చేత్తో ఆమె ఇచ్చిన నీళ్లు తాగి, ఆమె లేదని రాసుకుని పోయాడు.

మాకు మేలే జరిగిందని నేను సంబరపడబోయాను. వకీలమ్మ ముఖం చూస్తే అలా లేదు. జడ్జిగారు కళ్లద్దాలు సవరించుకుని ఆమెనే అడిగారు. అంటే నువ్వు అక్కడే ఉన్నావు, నీ పేరు అడుగుతుంటే విన్నావు, అయినా చెప్పకుండా లోపలికి పోయావా?

"నేను ఎనకాల కొట్టంలో ఉంటిని సామీ. అత్త నీళ్లు తెమ్మంటే తెచ్చిస్తిని. వచ్చినాయన ముందర నిలబడకూడదని పోయినాను. ఏం పేరడిగినారో నేను ఇనలేదు."

ఆమెను కావాలని దాచారో లేదో చెప్పగలిగింది ఇక ఒక్కరే. ముసలమ్మను బోనులోకి ఎక్కించారు. కటకటాలు తడిమి పట్టుకుని నిలబడింది.

"ఆ రోజు ఈ అమీనా ఎవరి పేరు చెప్పి అడిగాడమ్మా?"

"అది మా అత్త పేరు సామీ."

"ఏం పేరు?"

ముసలమ్మ తల అడ్డంగా ఊపింది. "ఎట్ల చెప్తును సామీ? కాపురానికి వచ్చినప్పటినుండి ఆ పేరు నా నోట్లో నుంచి రాలేదు" అంది. నేను తమిళంలోకి తిప్పాను. పేరు అనువాదకుడు చెబుతాడు, ఆమె తల ఊపితే చాలదా అని వకీలమ్మ అడిగి చూసింది. జడ్జిగారు ఒప్పుకోలేదు. సాక్షి నోట్లో మనం మాట పెట్టకూడదు, ఆమే చెప్పాలి అన్నారు. కసిరిందేమీ లేదు, ఆగారు. బయట వాన మొదలైంది.

కోడలు గోడ దగ్గర నుంచి, "వద్దులే అత్తా, దిగిరా. పోతే పోనీలే" అంది.

ఆ మాట విన్నాకే ముసలమ్మ వంగింది. బోను నేలను చేత్తో తాకి కళ్లకద్దుకుంది. "అత్తా, తప్పు కాయి" అని, ఆ పేరు చెప్పింది. చాలా చిన్నగా. అది జడ్జిగారి దాకా పోలేదు, మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పింది.

"నా కోడలి పేరూ అదే సామీ. పెండ్లినాడు ఇన్నాను, ఆ పొద్దే మరిచినాను. ఆయప్ప వచ్చి అడిగితే మా అత్తను అడుగుతాండాడనుకుంటిని. ఆమె ఇప్పుడు లేదు కదా, లేదంటిని. దీన్ని అడుగుతాండారని నాకు తట్టనే లేదు. నా చేత్తోనే దాని కాపురం తీసేస్తినా సామీ?"

ఈ మాటలు నేను తమిళంలోకి తిప్పాలి. సగంలో ఆగి, మళ్లీ మొదటి మాట నుంచి ఎత్తుకున్నాను. జడ్జిగారు బల్ల మీది కాగితాలు చూస్తూ నాకు సమయమిచ్చారు. ఆ పేరేమిటో నేను ఇక్కడ రాయను. ఒక ముసలమ్మ ఎంత కష్టపడి పలికిందో చూసినవాణ్ణి, ఉత్తపుణ్యానికి నా కలంతో రాయలేను.

బయటికి వచ్చాక ముసలమ్మ కొళాయి దగ్గర కూర్చుని నోరు పుక్కిలిస్తూనే ఉండింది. కోడలు చెంబుతో నీళ్లు పోస్తూనే ఉండింది. క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెప్పిస్తే ముట్టలేదు. అమీనా దూరంగా నిలబడి చూశాడు. తర్వాత బస్టాండు వైపు కాళ్లీడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

తీర్పు వెంటనే రాలేదు. జడ్జిగారికి బదిలీ అయింది, కొత్తాయన వచ్చి మొదటినుంచి చదివారు. ఈలోగా ముసలమ్మ పోయింది. జ్వరమే, పెద్ద రోగం కాదు. కోర్టు నుంచి వచ్చాక మనిషి మునుపటిలా లేదని, పెద్దవ్వ పటం ఉన్న గదిలోకి కాలు పెట్టడం మానేసిందని తమ్ముడు చెప్పాడు. దగ్గరుండి చూసుకోవలసిన మనిషి పోయాక, ఆ ఇంట్లో పెద్దకోడలికి పని తగ్గింది. పని తగ్గితే చోటూ తగ్గుతుంది. ఊత్తంగరమ్మ చెడ్డది కాదు, ఆమె పిల్లలూ పెరుగుతున్నారు మరి.

చివరకు ఆమే గెలిచింది. విదేశీ కోర్టు తీర్పు ఈమెను కట్టదని, ఈమెకు నోటీసు అందలేదని, ఈమె దాక్కోలేదని జడ్జిగారు చెప్పారు. ఆ రోజు ఆమె ఒక్కతే వచ్చింది. నేను హోసూరు నుంచి బస్సులో వెళ్లి వకీలమ్మ పక్కన నిలబడి విన్నాను. వకీలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఊపింది. ఆమె దండం పెట్టింది. అంతే. గెలిచి ఏం తెచ్చుకుంది? రాని మొగుడికి పెళ్లాన్నని ఒక కాగితం. ఆ సంగతి ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. అప్పుడామె అడిగింది.

"అన్నా, ఆ దేశం కోర్టు కాగితం నీకాడ ఉండాదా? దాంట్లో పేరు పెట్టి పిలిచినారని చెప్తివే. నన్నేనా?"

"నిన్నేనమ్మా."

"గట్టిగానా?"

"అందరికీ వినబడేటట్టు పిలుస్తారు."

"అది సదువన్నా. వాళ్ల మాటల్లోనే సదువు."

సంచీలోంచి తీసి చదివాను. అర్థం కాని ఆ మాటల మధ్య ఆమె పేరు వచ్చింది. పలికాను. ఆమె తల వంచుకుని విన్నది. ఇంకోసారి చదవమంది. చదివాను.

"పెండ్లయినంక నన్ను మొదట పేరు పెట్టి పిలిచింది వాళ్లేనన్నా" అంది. "ఆ పొద్దు నేను చేన్లోనో, కొట్టంలోనో ఉంటాను. ఎవురన్నా ఒకరు లేసి, ఉండాది, వస్తాది, రోంత ఆగండి అని చెప్పలేదా?"

"లేదమ్మా. చెప్పేవాళ్లు ఎవరూ లేరు."

కాగితం మడిచి సంచీలో పెట్టాను.

అప్పుడే కోర్టు హాలు గుమ్మంలో బంట్రోతు వేరే కేసు వాళ్లను పిలిచాడు. ఎవరో ఆడమనిషి పేరు. వరండాలో ఎవరూ కదలలేదు. రెండోసారి పిలిచాడు. వకీళ్లు మాటల్లో ఉన్నారు, కూర్చున్నవాళ్లు కూర్చునే ఉన్నారు. మూడోసారి పిలవడానికి అతను ఊపిరి తీసుకుంటుంటే, ఈమె చప్పున లేచింది.

"రోంత ఆగప్పా" అని బంట్రోతుతో అంది. "నీళ్లకు పోయిందేమో, చూసొస్తాను."

అతను వింతగా చూశాడు. ఆమె కొంగు తల మీదికి లాక్కుని మెట్లు దిగింది. కొళాయి దగ్గర, సైకిళ్ల షెడ్డు దగ్గర, క్యాంటీన్ ముందర ఆగి ఆగి, తనకు ముక్కూ మొగమూ తెలియని ఆ ఆడమనిషి పేరు గట్టిగా పిలుస్తూ పోయింది. ఎవరూ పలకలేదు. గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లాక కూడా ఆ గొంతు నాకు చాలాసేపు వినబడింది.